కాఫీ కూజా మీద ఎర్ర గీత

ఫిబ్రవరి 9

కాఫీ కూజాని మనుషులు విప్పగలిగేలా బిగించాలి. ఇది కూడా ఈ ఇంట్లో నేనే చెప్పాల్సి వస్తోంది. కింది సగంలో నీళ్ళు, పై సగంలో కాఫీ, మధ్యలో మర. అంతే కదా ఆ యంత్రం! మా మనవరాలు నెవియా బిగించే తీరు చూస్తే లోపల ఉన్నది కాఫీ కాదు, ఖైదీ అనుకోవాలి. ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ దాన్ని నా ఒళ్ళో పెట్టి, "చల్లారాక విప్పి పిప్పి దులుపు తాతా, ఊరికే కూర్చోకు" అని పోయింది.

విప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. కింది వాటా ఊర్సా సార్డీన్ చేపలు తెచ్చి, నా అవస్థ చూసి, కూజాని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తిప్పింది.

"గట్టిగా పట్టు ఊర్సా! నీ మోకాళ్ళ మధ్య ఇరుక్కున్నవాడు ఇంతవరకూ ఒక్కడూ తప్పించుకోలేదుగా" అన్నాను.

"తుంటి విరిగినా నోరు విరగలేదు ముసలాడికి" అని తడిగుడ్డతో ఒక్కటిచ్చింది.

ఈ నోట్‌బుక్ నెవియా కొనిపెట్టిందే. జనాన్ని ఏడిపించే బదులు కాగితాన్ని ఏడిపించమంది. నా కాలు కుదిరేదాకా ఇక్కడే ఉంటుందట. ఉండనీ. నాకేం.

ఫిబ్రవరి 10

డాక్టరు చెప్పింది రాసి పెట్టుకుంటున్నాను, మళ్ళీ చెప్పలేదంటారు. తుంటిలో ప్లేటు, దానికి స్క్రూలు. వాకరు పట్టుకుని మంచం నుంచి కిటికీ, కిటికీ నుంచి బాత్రూం. వంటింటి గడప దాటకూడదు. నేను జారిపడింది ఆ గచ్చు మీదే.

గడప దాటలేదు.

ఫిబ్రవరి 12

బూరా, కొండల మీంచి కొట్టే చలిగాలి. కిటికీ రెక్కలు పళ్ళు కొరుకుతున్నాయి. రేవులో నాలుగో నంబరు క్రేను తల వంచుకుని నిలబడింది. శరత్కాలం నుంచీ దాన్ని ఎవరూ తిప్పలేదు.

బెపో చీట్లాటకి వచ్చాడు. వాడు రేవులో వెల్డింగు చేసేవాడు, నేను నాలుగో నంబరు మీద కూర్చునేవాణ్ణి. ఐదో క్లాసు తప్పినవాణ్ణి అంత ఎత్తున కూర్చోబెట్టినందుకు వాడికి ఇప్పటికీ కడుపుమంట.

"నీ క్రేను సంగతి తెలిసిందా? కోసేస్తారంట" అన్నాడు.

"కోస్తే కోస్తారు. ముక్క వెయ్యి."

"పై భాగం తిరిగే చక్రం ఉందిగా, దాని కింద బోల్టులు పాతవైపోయాయంట. ఇంకా మోస్తాయో లేదో లెక్క చూడమని ఒక ఆఫీసుకిచ్చారంట. బాగుంటే నడుపుతారు, లేకపోతే ఇనుముకి అమ్ముతారు. మా అల్లుడు చెప్పాడు."

బెపో అల్లుడు అక్కడే సరుకు దించే పనిలో ఉన్నాడు.

"లెక్క ఏ ఆఫీసుకిచ్చారో?" అన్నాను, ముక్కలు చూసుకుంటూ.

"నీ మనవరాలి ఆఫీసుకేరా దద్దమ్మా!"

ఆ ఆట ఓడిపోయాను. ముక్కలు బాగా పడలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

నెవియా కంప్యూటరు ఇంటికి తెచ్చుకుంది. లెక్క ఆమెకే ఇచ్చారట. మొదటిసారి ఒంటరిగా చేస్తున్న లెక్క. నాలుగో నంబరని నాకు ముందే ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే ప్రాణం తీస్తావని" అంది. తప్పేం లేదు.

తెరమీద చక్రం, దాని కింద వలయంగా బోల్టులు. అన్నిటినీ చేపల వల కప్పినట్టు చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టింది.

"పిల్లా, స్పానర్ ఏది?"

"అక్కర్లేదు తాతా. బోల్టుని మధ్యకి కోస్తాను."

"కోసేశాక ఇంకేం బిగిస్తావే?"

"లెక్కలో కోస్తాను. కోసిన చోట రెండు ముక్కల్నీ దగ్గరకి లాగుతాను. ఎంత బలంతో లాగాలో నేను చెప్తాను. బోల్టు కాస్త సాగుతుంది, దాని మధ్య ఇరుక్కున్న పలకలు నొక్కుకుంటాయి. అదే బిగింపు. అది మొదటి మెట్టు. రెండో మెట్టులో క్రేనుకి బరువు తగిలిస్తాను."

"మధ్యలో?"

"మధ్యలో ఏముంటుంది?"

"మా వాళ్ళు బిగించాక ఒక సిగరెట్టు కాల్చుకునేవాళ్ళు."

"ఇందులో సిగరెట్టు లేదు."

"అయితే నా తుంటిలో స్క్రూలకి కూడా లెక్క చూడు."

"అవి గట్టిగానే ఉన్నాయి. నీకు లూజైంది ఇంకోటి" అని నా తల మీద వేలితో కొట్టింది.

రోజంతా బోల్టులు బిగించింది. చేతికి చుక్క నూనె అంటలేదు.

ఫిబ్రవరి 16

కూజా గురించి మళ్ళీ గొడవ. నేను ఎక్కువ బిగిస్తావంటాను, తను లేదంటుంది. చివరికి సంచిలోంచి ఎర్ర రంగు పెన్ను తీసి, కూజా పై సగం నుంచి కింది సగం దాకా ఒక్క గీత గీసింది.

"ఇదిగో, సరిగ్గా ఇంత బిగిస్తే చాలు. రాత్రే నీళ్ళూ పొడీ వేసి, గీత కలిసేదాకా తిప్పి పొయ్యి మీద పెడతాను. పొద్దున ముట్టించుకోవడమే. మేం అసలు బోల్టులకి కూడా ఇలాగే గీస్తాం. నట్టు వెంట్రుకంత తిరిగినా గీత విరిగినట్టు కనబడిపోతుంది. గీత అబద్ధం చెప్పదు."

పెన్ను వంటింటి సొరుగులో పడేసింది.

నేను గడప దాటలేదు.

ఫిబ్రవరి 20

లెక్క వచ్చింది. తెరమీద అంతా ఆకుపచ్చ. బరువు పెరుగుతున్నా బోల్టుల్లో బలం మారలేదట. దాని గీత గాలి లేని రోజు సముద్రంలా చదునుగా ఉంది. నెవియా పై అధికారి, మర్చెలో అనే ఇంజనీరు, "ఇంత అందమైన గీత నేను చూడలేదు" అన్నాడట. సంతకం పెట్టి రేవు వాళ్ళకి పంపేశాడు. వచ్చే నెలలో జాగ్రెబ్ నుంచి తనిఖీ అధికారి వచ్చి ముద్ర వేస్తే క్రేను మళ్ళీ తిరుగుతుంది.

నాకు రెండూ ఒకటే. అయినా బెపోకి ఫోన్ చేసి, వాడు తినేది మధ్యలో ఆపి మరీ చెప్పాను. వాడి కంటే నా క్రేను ఎక్కువ కాలం బతుకుతుందన్నాను. ఆ మాట ఊర్సాకి కూడా చెప్పాను. పోస్టు తెచ్చే అమ్మాయికి కూడా.

ఫిబ్రవరి 23

పొద్దున వంటింట్లోంచి కేక.

"తాతా! గీత విరిగింది!"

"ఎవరికి?"

"కూజాకి! రాత్రి సరిగ్గా కలిపి పెట్టాను. ఇప్పుడు కింది గీత పక్కకి జరిగింది."

"వదులైందేమో."

"లేదు, అంతే గట్టిగా ఉంది." విప్పలేక గుడ్డ కోసం వెతికింది. కాసేపటికి తనే సర్దుకుంది. "లోపల రబ్బరు నలిగి ఉంటుంది. కొత్తది వేస్తాను."

గడప దాటలేదు.

ఫిబ్రవరి 26

కొత్త రబ్బరు వేసింది. గీతలు కలిపి చూసుకుని, ఫోటో కూడా తీసుకుంది. ఫోటో!

ఫిబ్రవరి 27

ఊర్సా వచ్చి రకియా సీసా ఎత్తి చూసింది. "పొద్దున్నే మొదలుపెడుతున్నావా?" అంది. తగ్గిందట.

"నొప్పికి" అన్నాను.

"మందులు వేసుకుంటూ సారాయి తాగుతావా? నెవియాకి చెప్తాను."

"చెప్పు. దాంతోపాటు నువ్వూ నేనూ కలిసి తాగామని చెప్పు."

చెప్పకుండానే పోయింది.

మార్చి 2

నాలుగో నంబరు కింద ఇద్దరు మనుషులు నిలబడి పైకి చూస్తున్నారు. టోపీలు ఎగరకుండా చేత్తో పట్టుకున్నారు. ఇక్కణ్ణుంచి అంతవరకే కనబడుతుంది. క్రేను పైనుంచి అయితే ఈ కిటికీ బాగా కనబడేది. సూపు తయారైతే మా ఆవిడ లూచియా ఇక్కడ పసుపు తువ్వాలు ఆరేసేది. నేను చేతిలో ఉన్న బరువు దించి, భోజనం గంట కొట్టగానే దిగేవాణ్ణి. ఒకసారి తువ్వాలు కనబడగానే తొందరపడి ఓడ కెప్టెన్ సైకిల్ మీద సిమెంటు బస్తాలు దించాను. తొందరేం కాదు, కావాలనే.

మార్చి 4

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

పొద్దున నెవియా కూజా తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"చూడు. మళ్ళీ జరిగింది. ఈసారి రెండోవైపుకి."

"రబ్బరు."

"రబ్బరు నలిగితే ఒక్కవైపే జరుగుతుంది. వెనక్కి రాదు." రెండు చేతులతో తిప్పి చూసింది. "బిగువేమో అదే. గీతేమో జరిగింది. అలా జరగదు తాతా. నట్టు తిరిగితే బిగువు మారాలి. బిగువు మారకుండా గీత జరిగిందంటే, మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారన్నమాట."

నా వైపు చూసింది.

"నువ్వు ముట్టుకున్నావా?"

"నేనా? కిటికీ దాకా వెళ్ళడానికే ఊర్సాని కేకేస్తాను. గడప దాటొద్దని డాక్టరు నీ ముందే కదా చెప్పింది!"

వాకరు వైపు చూసింది. మళ్ళీ కూజా వైపు చూసింది. తరవాత ఆమె చూపులో నేను లేను, కూజా కూడా లేదు. "బిగువు అదే, గీత జరిగింది" అని తనలో తనే ఇంకోసారి అనుకుని, లోపలికి వెళ్ళి కంప్యూటరు తెచ్చింది. ఆ చదును గీత పక్కన ఇంకేదో తెరిచి చాలాసేపు చూసింది. కాఫీ చల్లారిపోయింది. నేనే తాగాను.

"నా బోల్టులు కూడా ఇంతే" అంది చివరికి.

"ఎంతే?"

"బలం మారలేదు. కానీ కోసిన చోట ముక్కలు జరుగుతూనే ఉన్నాయి. నేను తాళం వెయ్యలేదు."

"తలుపుకా?"

"బోల్టుకి! బిగించాక, బరువు వెయ్యకముందు, బోల్టు పొడవుని అక్కడికి ఆపి తాళం వెయ్యాలి. అప్పుడు బరువు పడితే బోల్టే మోస్తుంది, సాగుతుంది, బలం పెరుగుతుంది. నువ్వు సిగరెట్టు అన్నావే, ఆ చోట. నేను అది వదిలేసి, రెండో మెట్టులో కూడా లాగుతూనే ఉండమని చెప్పాను. ఇక ప్రతి బోల్టు దగ్గరా కనబడని మనిషి ఒకడు స్పానర్ పట్టుకుని కూర్చున్నట్టే. బరువు మారినప్పుడల్లా నట్టు అటూ ఇటూ తిప్పి, బలం మారకుండా చూస్తున్నాడు. చదునుగా రాక ఏమవుతుంది?"

"మంచి పనివాడు. రేవు వాళ్ళని వాణ్ణి ఉద్యోగంలో పెట్టుకోమను."

నవ్వలేదు.

తాళం వేసి లెక్క మళ్ళీ నడిపింది. ఆఫీసుకి జ్వరమని చెప్పింది. ఊర్సా పంపిన మొక్కజొన్న పోలెంటా ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి వచ్చింది. సముద్రం చదునుగా లేదు. ఒక పక్కన వరసగా కొన్ని బోల్టులు ఎర్రగా కనబడుతున్నాయి. ఒక్కసారికి తెగవట. కానీ బరువు ఎత్తిన ప్రతిసారీ సాగి, దించిన ప్రతిసారీ ముడుచుకుని, అలిసిపోతాయట. అలిసిపోయిన రోజున తెగుతాయి.

"ఆ రోజు ఎప్పుడు?" అన్నాను.

"తెలీదు."

"అయితే ఎవరికి తెలుస్తుంది? కాగితం మీద సంతకం అయిపోయింది. ఇంజనీరు చూశాడు. అంత అందమైన గీత చూడలేదన్నాడు."

"తాతా."

"సగం జీవితం దాని మీద కూర్చున్నాను. ఏమైంది?"

"ఏం కాలేదు" అంది. "నువ్వు దిగిపోయావు. ఇప్పుడు కింద బెపో తాతయ్య అల్లుడు ఉంటాడు."

కంప్యూటరు మూసింది. నేను కిటికీ వైపు తిరిగాను. ఉచ్కా కొండ మీద ఇంకా మంచు ఉంది.

మార్చి 5

ఆఫీసుకి వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగింది.

"చెప్పేస్తాను."

"నీ ఇష్టం."

"క్రేనుని కోసేస్తారు."

"నాకేం. సముద్రం ఇంకాస్త కనబడుతుంది."

అలాగే నిలబడింది. "పనిలోంచి తీసేస్తే?" అంది.

తీసేస్తే ఇంట్లో కూర్చుని కూజా బిగించుకోవచ్చన్నాను. కాస్త మంచి మాట చెప్పాల్సింది. తోచలేదు.

మార్చి 5, సాయంత్రం

"ఏమన్నాడు మర్చెలో?"

"కూర్చోమన్నాడు. నీళ్ళిచ్చాడు. అంతా విన్నాడు. లేచి తలుపేసి అరిచాడు. తరవాత తనే నీళ్ళు తాగాడు."

"ఉద్యోగం?"

"ఉంది. సంతకం పెట్టేముందు తనూ చూడాల్సిందన్నాడు. రేవు వాళ్ళకి ఇద్దరం కలిసి ఫోన్ చేశాం." చెప్పులు విప్పుతూ అంది. "అసలు ఎలా పట్టుకున్నావని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"కాఫీ తాగుతుంటే తట్టిందన్నాను. కూజా సంగతి చెప్తే నిజంగానే పంపించేస్తాడు."

మార్చి 6

బూరా.

మార్చి 11

బెపో వచ్చాడు. చీట్లు తీయలేదు. టోపీ కూడా తీయలేదు.

"కొత్త బోల్టులు వెయ్యాలంటే పై భాగమంతా ఎత్తి పక్కన పెట్టాలంట. అంత పని ఎవరు చేస్తారు! కోసేస్తున్నారు. నీ మనవరాలే కోయించింది కదరా."

"దాని కింద పనిచేసేది నీ అల్లుడే కదరా."

బెపో కాసేపు టోపీ అంచు నలిపాడు. "మా అమ్మాయి నెవియాకి మాల్వాజియా వైను సీసా పంపింది" అని కోటు లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు తాగడానికి కాదు."

తాగాం.

మార్చి 24

డాక్టరు తుంటి చూసి ఆశ్చర్యపోయాడు. నా వయసులో ఇంత తొందరగా ఎవరూ కోలుకోలేదట. "ఏం వ్యాయామం చేశారు తాతగారూ?" అన్నాడు.

"మీరు చెప్పిందే. మంచం, కిటికీ, బాత్రూం" అన్నాను.

నెవియా నన్ను ఎగాదిగా చూసింది.

ఏప్రిల్ 8

కోశారు. పొద్దున మొదలుపెట్టారు. బెపో, నేను, ఊర్సా కిటికీ దగ్గర కూర్చున్నాం. నీళ్ళ మీద తేలే పెద్ద క్రేను ఒకటి వచ్చి ముందు నాలుగో నంబరు చేతిని పట్టుకుంది. తరవాత నా క్యాబిన్ దించారు. ఇంత చిన్నదని అనుకోలేదు. అందులో అంతసేపు ఎలా కూర్చున్నానో.

"టాయిలెట్‌కి ఎలా వెళ్ళేవాడివి?" అని అడిగింది ఊర్సా.

"నువ్వు కింద నడిచేటప్పుడు చూసుకుని" అన్నాను.

బెపో నవ్వాడు. నేను నవ్వలేదు, గాలి కళ్ళలోకి కొడుతోంది. కిటికీ మూసే ఉందని ఊర్సా అంది. ఆమెకి ఏం తెలుసు, సందుల్లోంచి వస్తుంది.

సాయంత్రం నెవియా రేవు నుంచే ఇంటికి వచ్చింది. అరచేతిలో ఒక బోల్టు. ఆ ఎర్ర వరసలోదట. నా ఒళ్ళో పెట్టింది. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మర మొదట్లో, గోరు పెట్టి రాస్తే తెలుస్తుంది, సన్నటి చీలిక. మూడుసార్లు రాశాను. ఉంది.

"తినడానికి ఏముంది?" అన్నాను.

ఏప్రిల్ 10

బోల్టు కిటికీలో పెట్టాను. పసుపు తువ్వాలు ఎక్కడుందో తెలీదు. వెతకలేదు కూడా.

ఏప్రిల్ 12, ఆదివారం

నెవియా వచ్చే వారం తన అద్దె గదికి వెళ్ళిపోతోంది, నా కాలు కుదిరింది కాబట్టి. సంచులు సర్దుతూ ఆ కూజా కూడా చేతిలోకి తీసుకుంది.

"ఒక్కటి మాత్రం అర్థం కాలేదు తాతా. క్రేను సంగతి తేలింది. ఇది మాత్రం తేలలేదు. కొత్త రబ్బరు వేశాక కూడా ఎలా జరిగింది?"

"ఇంట్లో దెయ్యం ఉందేమో. మీ అవ్వకి కూడా నువ్వు బిగించే తీరు నచ్చదు."

"ఊ" అంది. కూజా పొయ్యి మీద పెట్టి, గీతలు కలిపి, పడుకోవడానికి వెళ్ళింది.

ఈ పుస్తకం నాకు తప్ప ఎవరికీ కాదు కాబట్టి రాస్తున్నాను. ఎర్ర గీత జరిపింది నేనే. రకియా తాగలేదు, ఒక్క గుక్క తప్ప. మిగతాది గుడ్డ మీద పోసి, నీళ్ళకి పోని ఆ కింది గీత తుడిచాను. సొరుగులోంచి ఆ పిల్ల పెన్నే తీసి, వేలెడు పక్కన కొత్త గీత గీశాను. కూజాని తిప్పనేలేదు. మొదట ఒకవైపు. రబ్బరు మార్చి ఫోటో తీసుకుందని చూసి, రెండోవైపు. పొద్దున ఆ పిల్ల మొహం చూడ్డానికి అంతే. గీత అబద్ధం చెప్పదంది కదా, చెప్తుందేమో చూద్దామని. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంటే నాలుగో నంబరు ఇవాళ తిరుగుతూ ఉండేది. ఆ చీలిక కూడా దాంతోపాటు తిరుగుతూ ఉండేది.

పైదంతా రాత్రి రాసి పడుకున్నాను. తెల్లారకముందే లేచి, ఇంకోసారి గీత జరిపాను. వాకరు లేకుండా.

వంటింటి గడప దాటాను. ఫిబ్రవరి నుంచీ దాటుతూనే ఉన్నాను.